వార్షిక నివేదిక: కుల వివక్ష విషయంలో ఈ ఏడాది మన సంఘం పని

సభ్యులందరికీ నమస్కారం.

బతుకమ్మ ఏర్పాట్లు, నల్లా నీళ్ల దరఖాస్తుల సంగతి మీకు ఎరుకే. జమాఖర్చులు సర్వసభ్య సమావేశంలో పెడతాం. ఈ ఏడు ఎక్కువ పొద్దు పట్టింది కుల వివక్ష ఫిర్యాదులు రాయడం నేర్పడానికే. కేసు నీరుగారేది చాలాసార్లు మొదటి కాగితంలోనే.

‘కులం పేరుతో తిట్టిండు’ అని ఒక్క ముక్క రాస్తే చాలదు. 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం ప్రకారం ఆ తిట్టు నలుగురి కంట పడే చోట జరిగి ఉండాలి. బయటివాళ్లు ఎవరూ లేని నాలుగు గోడల మధ్య అన్న మాటకు ఆ చట్టంలోని తిట్ల సెక్షన్ వర్తించదని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. అందుకే చోటు, సమయం, విన్నవాళ్ల పేర్లు, ఇరుపక్షాల కులం రాయాలి. తిట్టిన మాట ఎంత రోతగా ఉన్నా ఉన్నదున్నట్టు రాయాలి. సిగ్గుపడి ‘అసభ్యంగా మాట్లాడిండు’ అని సర్దేస్తే కేసు అక్కడే పలచబడుతుంది.

నోటితో చెప్పినా ఠాణాలో రాసుకుని, చదివి వినిపించాకే సంతకం తీసుకోవాలి. ఎఫ్ఐఆర్ నకలు వెంటనే ఇవ్వాలి. ‘ముందు విచారణ చేసి చూస్తం’ అంటే 2018లో ఇదే చట్టంలో చేర్చిన 18ఏ సెక్షన్ గుర్తుచేయండి, ఎఫ్ఐఆర్‌కు ముందు ప్రాథమిక విచారణ అక్కర్లేదు. దర్యాప్తు డీఎస్పీకి తగ్గని అధికారి చేయాలి, అంటే మన వరంగల్ కమిషనరేట్‌లో ఏసీపీ. ఎస్సైతో కానిచ్చేస్తే అవతలి వకీలుకు పని తేలికవుతుంది. చార్జిషీటుకు గడువు 60 రోజులు.

బాధితులకు సర్కారు ఇచ్చే తక్షణ సాయం 7 రోజుల్లో అందాలన్నది నిబంధన. మిగతాది కేసు దశలను బట్టి విడతలుగా వస్తుంది. ఎక్కువగా అడ్డం పడేవి కుల ధ్రువీకరణ పత్రం, బ్యాంకు ఖాతా. పత్రానికి మీసేవలో ముందే దరఖాస్తు పెట్టుకోండి.

ఇక పెద్దమనుషుల పంచాయితీ. ‘ఊర్లె కలిసి బతకాలె గదా’ అనే మాట ఎప్పుడూ దెబ్బ తిన్నవాళ్లకే చెప్తారు. ఆ పంచాయితీలో మూడొద్దులు గడిస్తే, ఆలస్యం ఎందుకైందని కోర్టులో అడుగుతారు. పంచాయితీ జరిగిన సంగతి, ఆ తేదీలు కూడా ఫిర్యాదులో రాయండి.

రెండు గ్లాసుల పద్ధతి (హోటళ్లలో దళితులకు వేరే గ్లాసు పెట్టడం), గుడిలోకి రానీయకపోవడం వంటివి ఊర్లలో నెలనెలా 30వ తారీఖున అధికారులు జరిపే పౌర హక్కుల దినోత్సవంలో లేవనెత్తవచ్చు. కానీ రాతపూర్వకంగా ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి.

కులాంతర పెండ్లి గురించి అడిగినవాళ్లలో ఒక పొరపాటు తరచూ కనిపించింది: కులాలు వేరైతే ప్రత్యేక వివాహ చట్టం కిందనే చేసుకోవాలనుకోవడం. వధూవరులిద్దరూ హిందువులైతే కులాలు వేరైనా 1955 హిందూ వివాహ చట్టమే చాలు. 1954 ప్రత్యేక వివాహ చట్టం కింద పోతే నోటీసు 30 రోజులు ఆఫీసు గోడ మీద ఉంటుంది. ఇంట్లోవాళ్లకు కబురు అక్కడి నుంచే పోతుంది. అయితే తంతు జరిపించకుండా ఉత్త రిజిస్ట్రేషన్‌తో హిందూ వివాహం నిలవదని 2024లో సుప్రీంకోర్టు అన్నది. కాబట్టి తంతు జరిపించి, ఫొటోలు, సాక్షుల ఆధార్ దాచుకోవాలి. బెదిరింపులుంటే పెండ్లికి ముందే పోలీసులకు దరఖాస్తు ఇవ్వండి. ఇలాంటి జంటలకు రక్షణ ఇవ్వాలని 2018లోనే సుప్రీంకోర్టు ఆదేశించింది.

కిరాయి ఇండ్ల విషయంలో మనం పెద్దగా సాధించింది లేదు. ‘మీరేమోళ్లు?’ అని అడిగి, కులం తెలిశాక ‘చుట్టాలకు ఇచ్చినం’ అనేవాళ్ల మీద రుజువు దొరకదు. కులం అడగబోమని ఇంటి యజమానులైన సభ్యులను సంతకం చేయమన్నాం. అందరూ చేయలేదు. పనామెకు వేరే గ్లాసు పెట్టి, దాన్ని కిటికీ అంచున ఉంచే ఇండ్లు మన వీధుల్లోనే ఉన్నాయి. దానికి ఠాణా అక్కర్లేదు, ఆ గ్లాసు తీసి మిగతా గ్లాసుల్లో కలిపితే సరి.

ఫిర్యాదు నమూనా కాగితం సంఘం గదిలో ఆదివారం పొద్దున దొరుకుతుంది. వచ్చేటప్పుడు కుల ధ్రువీకరణ, ఆధార్ జిరాక్సులు రెండేసి తెచ్చుకోండి. అర్జెంటైతే ఆదివారం దాకా ఆగకుండా అత్యాచారాల నిరోధక హెల్ప్‌లైన్ 14566కు ఫోన్ చేయండి.

కార్యవర్గం, హనుమకొండ