టీచర్ల శిక్షణ పిల్లల ముందు జరగాలి

సంపాదకుల వారికి నమస్కారం.

2025 మెగా డీఎస్సీలో మన రాష్ట్రంలో 16,347 టీచర్ పోస్టులకు ప్రకటన ఇచ్చారు. అందులో ఎంపికైనవాళ్లు ఇప్పుడు బడుల్లో ఉన్నారు. పార్వతీపురం మన్యం జిల్లాలో ఎస్జీటీగా (ప్రాథమిక తరగతులు చెప్పే సెకండరీ గ్రేడ్ టీచరుగా) పనిచేస్తున్న నేను ఈ కొత్తవాళ్లను దగ్గరగా చూస్తున్నాను. వాళ్లకు చదువు తక్కువేం కాదు. ఏళ్ల తరబడి కోచింగ్‌లలో సైకాలజీ, బోధనా పద్ధతులు కంఠతా పట్టి ర్యాంకు తెచ్చుకున్నవాళ్లు. కానీ ఒకే గదిలో ఒకటి నుంచి ఐదో తరగతి దాకా కూర్చున్న పిల్లల్ని చూసేసరికి ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక టెన్షన్ పడుతున్నారు. ఆ టెన్షన్ తీర్చాల్సింది శిక్షణే. ఇప్పుడు ఇస్తున్న శిక్షణ ఆ పని చేయడం లేదు.

మన దగ్గర శిక్షణ మెట్లు మెట్లుగా దిగుతుంది. రాష్ట్ర స్థాయిలో కొందరికి చెబుతారు. వాళ్లు జిల్లా ఆర్పీలకు (శిక్షణ ఇచ్చే రిసోర్స్ పర్సన్లకు), జిల్లా ఆర్పీలు మండల ఆర్పీలకు, మండల ఆర్పీలు మాకు. ఇన్ని చేతులు మారాక స్లైడ్లు మాత్రం మా దాకా వస్తాయి, అలా ఎందుకు చేయాలన్నది దారిలోనే పోతుంది. లేచి ఏదైనా ప్రశ్న అడిగితే ఆర్పీ ఇబ్బంది పడతారు. పాపం, ఆయనా మాలాంటి టీచరే, మొన్ననే విని వచ్చారు. చార్టుల మీద గ్రూపు వర్క్ చేస్తాం, టీఎల్ఎం, అంటే బోధన సామగ్రి, తయారుచేస్తాం, ఫొటో దిగి ఫీడ్‌బ్యాక్ ఫారం నింపి ఇంటికొస్తాం. అంతసేపూ ఆ హాల్లో ఒక్క పిల్లవాడు కూడా ఉండడు.

2019లో కేంద్రం దేశవ్యాప్తంగా 42 లక్షల మంది టీచర్ల కోసం నిష్ఠా శిక్షణ మొదలుపెట్టింది. కోవిడ్ వచ్చాక అది దీక్షా అనే ఆన్‌లైన్ పోర్టల్‌లోకి మారింది. మాడ్యూల్ పూర్తిచేస్తే సర్టిఫికెట్ వస్తుంది. ఒకవైపు వీడియో నడుస్తుంటే ఇంకోవైపు వేరే పని నడుస్తుందని ఏ స్టాఫ్‌రూమ్‌లో అడిగినా చెబుతారు. 2020 జాతీయ విద్యా విధానం ప్రతి టీచరుకూ ఏడాదికి కనీసం 50 గంటల శిక్షణ ఉండాలంది. ఉద్దేశం మంచిదే. ఆ గంటలు దేనికి ఖర్చవుతున్నాయన్నదే నా బాధ.

వాటిలో సగమైనా నిజమైన పిల్లల ముందు జరగాలని నా కోరిక. మూడో తరగతిలో 52 నుంచి 27 తీసివేయమంటే చాలామంది పిల్లలు 35 అని రాస్తారు. పై అంకె, కింది అంకె అన్నది చూడకుండా పెద్దదాంట్లోంచి చిన్నది తీసేస్తారు. దీని గురించి హాల్లో ఎంతసేపైనా మాట్లాడుకోవచ్చు. అలా కాకుండా ఆర్పీయే ఒక బడికి వచ్చి, ఆ పిల్లల మధ్య కూర్చుని, పదేసి పుల్లల కట్టలు విప్పి పాఠం చెబితే, మేం వెనక కూర్చుని చూస్తాం. మొదటిసారి సగం మందికి అర్థం కాదు. అప్పుడు ఆయన ఏం చేస్తారు, ఎవరిని ఏమడుగుతారు, ఎక్కడ ఆగి దారి మార్చుకుంటారు అన్నదే మేం చూడాల్సింది. మధ్యాహ్నం అందరం కూర్చుని దాని గురించి మాట్లాడుకోవాలి. మరుసటి వారం అదే పాఠం కొత్త టీచరు చెప్పాలి, ఆర్పీ వెనక కూర్చోవాలి. అనుభవమున్న టీచరు కూడా తడబడి సర్దుకోవడం కళ్లారా చూస్తే కొత్తవాళ్లకు ధైర్యం వస్తుంది. ఆ ధైర్యం ఏ పీపీటీతోనూ రాదు.

ఇది కొత్త ఆలోచనేమీ కాదు. 1980లలో బ్రిటన్ సాయంతో మొదలైన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకాన్ని పాతతరం టీచర్లు ఏపీపెప్ అని ఇప్పటికీ తలచుకుంటారు. చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసి కూర్చుని పనిచేసుకోవడానికి అది ఉపాధ్యాయ కేంద్రాలు పెట్టింది. కృత్యాలు టీచర్లే తయారుచేసుకోవాలన్నది దాని ఆరు సూత్రాల్లో ఒకటి. అంటే టీచరు ఆలోచించగలడన్న నమ్మకం మీద నడిచిన పథకం అది. అలా కూర్చోవడానికి ఇప్పుడు మనకు దగ్గరి బడుల టీచర్లంతా కలిసే స్కూల్ కాంప్లెక్స్ సమావేశాలున్నాయి. చాలాచోట్ల ఆ పూటంతా సర్క్యులర్లకు, యాప్‌లో పెండింగ్ ఎంట్రీలకే సరిపోతోంది.

మా ఏజెన్సీ సంగతి విడిగా చెప్పాలి. మైదానం నుంచి వచ్చిన టీచరమ్మకు ఇక్కడి గిరిజనుల సవర భాష రాదు, ఒకటో తరగతి పిల్లకు తెలుగు రాదు. ఆ పిల్ల మాట్లాడకపోతే చదువు రాదనుకుంటారు, టీచరమ్మ మౌనంగా ఉండిపోతే చేతకాదనుకుంటారు. రెండూ నిజం కాదు. ఉమ్మడి రాష్ట్రంలో 2004లోనే సవర, కువి, కోయ లాంటి భాషల్లో పిల్లలకు మాతృభాషలో చదువు మొదలైంది. అలాంటి చరిత్ర ఉన్నచోట కొత్త టీచర్ల శిక్షణలో నాలుగు సవర మాటలు నేర్పే పూట ఒక్కటీ లేకపోతే ఎలా? ఊళ్లోని సవర తల్లులనే పిలిచి నేర్పించమనవచ్చు. వాళ్లు కాదనరు.

శిక్షణలో కొత్తగా ప్రయత్నించమంటారు. తనిఖీకి వచ్చినవాళ్లు లెసన్ ప్లాన్ ఫార్మాట్‌లో ఉందా, సిలబస్ ఎంత అయింది అని అడుగుతారు. మా పిల్లలు ఇంకా అక్షరాల దగ్గరే ఉన్నారు, ఈ నెల ఇదే చేస్తాను అని ధైర్యంగా చెప్పిన టీచరుకు మెమో వస్తుందన్న భయం ఉంటే ఏ శిక్షణా నిలవదు. అందుకే వెనక కూర్చుని చూసే ఆర్పీ చేతిలో తనిఖీ రిజిస్టరు ఉండకూడదు. 1986 జాతీయ విద్యా విధానంతో వచ్చిన డైట్లు (జిల్లా ఉపాధ్యాయ శిక్షణ సంస్థలు) ఈ పనికి సరిగ్గా సరిపోతాయి. కాకపోతే వాటిని డిప్యుటేషన్లతో నెట్టుకురాకుండా లెక్చరర్ పోస్టులు భర్తీ చేయాలి.

టీచర్లను శిక్షణకు పిలిస్తే పిల్లల చదువు పోతుందన్న అభ్యంతరం న్యాయమైనదే. ఏకోపాధ్యాయ బడిలో టీచరు శిక్షణకు వెళ్తే ఆ రోజు బడి మూతే. వేసవిలో పెడదామంటే పిల్లలుండరు. కాంప్లెక్స్ సమావేశం పూటనే ప్రదర్శన పాఠానికి వాడుకోవచ్చు. ఏకోపాధ్యాయ బడికైతే ఆర్పీయే రావాలి. వచ్చే విద్యా సంవత్సరం షెడ్యూలు వేసేముందు ఎస్‌సీఈఆర్టీ (రాష్ట్ర విద్యా పరిశోధన, శిక్షణ మండలి) అధికారులు ఏజెన్సీలో ఒక మండలం, మైదానంలో ఒక మండలం ఎంచుకుని దీన్ని ఏడాదిపాటు నడిపి చూడాలని కోరుతున్నాను. దానికి పేరు, లోగో, యాప్ ఏవీ అక్కర్లేదు.

– ఒక ఎస్జీటీ, పార్వతీపురం మన్యం జిల్లా