ఆ చెంచా సంగతి

చిట్టితల్లీ,

ఫోన్‌లో అయితే నువ్వు "సరేలే అమ్మా" అని పెట్టేస్తావు. అందుకే రాస్తున్నాను.

ఆ రోజు పీనట్ బటర్ అంటిన చెంచాని గుడ్డతో తుడిచి, దాంతోనే, పల్లీల అలర్జీ ఉన్న నీ బుజ్జిగాడి బ్రెడ్‌కి జామ్ రాయబోయాను. నువ్వు పరిగెత్తుకొచ్చి లాగేసుకున్నావు. "తుడిచాను కదే" అంటే "తుడిస్తే పోదమ్మా!" అని అరిచావు. వాడు ప్లేటు పట్టుకుని మనిద్దరి మొహాలూ మార్చి మార్చి చూశాడు. నాకు ఒళ్లు మండిపోయింది. ముగ్గురు పిల్లల్ని పెంచినదాన్ని, నాకు చెంచా కడగడం నేర్పుతోందా ఇది అనుకున్నాను. మీరు వెళ్లాక రెండు రోజులు నీకు ఫోన్ కూడా చెయ్యలేదు.

నిజం చెప్పనా? అలర్జీ అంటే నాలుగు దద్దుర్లు, కాస్త దురద అనుకున్నాను. టెస్టు రోజు నేనూ పక్కనే ఉన్నాను కదా. వాడి చేతి మీద చుక్కలు వేసి, సన్నగా గుచ్చి, పావుగంట ఆగమన్నారు. పల్లీల చుక్క దగ్గర దోమ కుట్టినట్టు ఉబ్బింది. నర్సు స్కేలు పెట్టి కొలుస్తుంటే "ఇంతేగా" అనుకున్నాను. ఆ ఉబ్బు సైజుని బట్టి రేపు రియాక్షన్ ఎంత గట్టిగా వస్తుందో చెప్పలేమని డాక్టరు అన్న మాట నా చెవికెక్కలేదు. "మొదటిసారి తిన్నప్పుడు ఏమీ కాలేదు కదా" అని నీతో వాదించాను కూడా. ఒంట్లోని కాపలా ఒకసారి పల్లీల ప్రోటీన్‌ని శత్రువుగా గుర్తుపెట్టుకుంటే, తర్వాత వచ్చినప్పుడు మీద పడుతుందట. అప్పుడు గొంతు వాస్తుంది, బీపీ పడిపోతుంది. పోయిన వారం మా డాక్టరుగారిని అడిగి తెలుసుకున్నాను. ఆ చెంచాని సబ్బుతో కడగాలి, తుడిస్తే చాలదు. నువ్వే కరెక్టు.

ఇంకోటి. కడుపుతో ఉన్నప్పుడు పల్లీలు తిన్నందుకా, వాడికి పెట్టడం ఆలస్యం చేసినందుకా అని నువ్వు అర్ధరాత్రి దాకా లెక్కలు వేసుకుంటున్నావని అల్లుడు చెప్పాడు. ఒకప్పుడు డాక్టర్లే ఆలస్యంగా పెట్టమన్నారు. 2015లో వచ్చిన ఒక పరిశోధన తర్వాత మాట మార్చి, త్వరగా మొదలుపెట్టమంటున్నారు. త్వరగా పెట్టిన పిల్లల్లోనూ కొందరికి వస్తోంది. వాళ్లకే పూర్తిగా తేలని లెక్క నువ్వు నిద్ర మానుకుని తేలుస్తావా? పడుకో.

రియాక్షన్ వస్తే వాడికి వెయ్యాల్సిన అడ్రినలిన్ ఇంజెక్షన్ పెన్ను ఉంది కదా, నువ్వు బల్ల మీద మర్చిపోయిన దాని ప్రాక్టీసు పెన్ను, అదే సూది లేనిది, నా దగ్గరే ఉంది. దిండు మీద రోజూ వేస్తున్నాను. మొదటిసారి తలకిందులుగా పట్టుకున్నాను. నిజమైనదైతే మందంతా నా బొటనవేలికి పోయేది! మీ నాన్న నవ్వారు, తర్వాత ఆయనా అలాగే పట్టుకున్నారు. ఇప్పుడు ఇద్దరికీ వచ్చేసింది: తొడకి బయటివైపు, ప్యాంటు మీదనుంచే. ఊపిరి అందకపోతే అలర్జీ మాత్ర వేసి చూద్దాంలే అని ఆగకూడదు, ముందు ఇంజెక్షన్, వెంటనే అంబులెన్స్‌. వాణ్ణి నడిపించకూడదు, పడుకోబెట్టాలి. ఆయాసపడుతుంటే కూర్చోబెట్టాలి. తగ్గినట్టు కనిపించినా ఆస్పత్రికి వెళ్లాల్సిందే, కొన్ని గంటల తర్వాత మళ్లీ రావచ్చు.

పీనట్ బటర్ సీసా ఇంట్లోంచి వెళ్లిపోయింది. మీ నాన్నకి కాస్త దిగులే, బయటికి చెప్పరు. బిస్కెట్ ప్యాకెట్ల వెనక చీమల్లాంటి అక్షరాలు చదవడానికి భూతద్దం కొన్నాను. మొన్న తెచ్చిన ప్యాకెట్ మీద ఎప్పటి బొమ్మే ఉంది, కానీ వెనక "పల్లీలు ఉండవచ్చు" అని కొత్తగా వేశారు. తెలిసిన ప్యాకెట్ అయినా కొన్న ప్రతిసారీ చదవాలన్నమాట.

వాణ్ణి ఒక రాత్రి మా దగ్గర వదిలి మీరిద్దరూ హాయిగా నిద్రపోవాలని నా కోరిక. ఇప్పుడే వద్దు, నీకు ధైర్యం వచ్చాకే. ఈసారి వచ్చినప్పుడు నన్ను నిలబెట్టి ఆ పెన్ను వేయించు. తప్పు చేస్తే నా మీద అరిచెయ్, ఏమీ అనుకోను.

అమ్మ