కుర్సురాలో మన పిల్ల అడిగిన ప్రశ్న

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

పోయిన శనివారం ఎనిమిదో తరగతి పిల్లల్ని విశాఖ తీసుకెళ్లాం కదా, ఆర్కే బీచ్‌లో కుర్సురా సబ్‌మెరైన్ చూపించడానికి. అందరూ క్షేమంగా ఇళ్లకు చేరారు, దెబ్బ తగిలింది నాకొక్కదానికే. లోపల ఒక గదిలోంచి ఇంకో గదిలోకి గుండ్రటి కంతలోంచి దూరి వెళ్లాలి, పిల్లలు ఉడతల్లా దూరిపోతుంటే వాళ్ల వెనకాల నేను ఠంగుమని నుదురు ఇనుముకి కొట్టుకున్నాను. బొప్పి ఇంకా ఉంది, స్కూలుకొస్తే చూసి నవ్వుకోండి.

కుర్సురా పొడవు 91 మీటర్లు. 1969లో మన నేవీలో చేరి 2001 దాకా పనిచేసింది. 75 మంది అందులోనే వండుకుని, తిని, టార్పెడోల (నీళ్లలో దూసుకెళ్లి ఓడల్ని పేల్చే ఆయుధాల) పక్కన పడుకుని బతికారు. నేవీలో చేసి రిటైరైన ఒక పెద్దాయన మాకు అన్నీ విడమరిచి చెబుతుంటే, మన పిల్ల ఒకతి ఆ ఇరుకు బెర్తుల వంక చూసి, "తాతగారూ, మరి ఆడవాళ్లు ఎక్కడ పడుకునేవారు?" అని అడిగింది. "ఆడవాళ్లు లేరమ్మా, అప్పుడూ లేరు, ఇప్పుడూ లేరు" అన్నారాయన. పాపం ఉన్నమాటే చెప్పారు. తను అక్కడ ఇంకేం మాట్లాడలేదు గానీ బస్సెక్కాక వచ్చి నా పక్కన కూర్చుని, "ఎక్కడా లేరా మేడం?" అంది.

ఉన్నారు. ఆ పిల్లకి చెప్పిందే మీకూ రాస్తున్నాను.

నార్వే వాళ్లు 1985లో సబ్‌మెరైన్లలోకి ఆడవాళ్లను రానిచ్చారు, ప్రపంచంలో అందరికంటే ముందు. పదేళ్లు తిరిగేసరికి, 1995 సెప్టెంబర్‌లో, సోల్వెయిగ్ క్రే అనే ఆవిడ కోబెన్ అనే సబ్‌మెరైన్‌కి కెప్టెన్ అయింది. సబ్‌మెరైన్‌ను నడిపించిన మొదటి మహిళ ఆవిడే. కోబెన్ అంటే వాళ్ల భాషలో సీల్ అనే సముద్ర జంతువు. దాని పొడవు మన కుర్సురాలో దాదాపు సగం, అంటే నేను నుదురు కొట్టుకున్న చోటు కంటే ఇంకా ఇరుకన్నమాట! నీళ్ల కిందికి దిగాక బ్యాటరీల మీదే నడక, కిటికీలు ఉండవు. పైన ఏముందో కంటితో చూడాలంటే పెరిస్కోప్ ఒక్కటే దిక్కు, అందులో ఒకసారికి ఒక్కరే చూడగలరు, మిగతావాళ్లంతా ఆ చూసిన మనిషి మాట నమ్మి చేతిలో పని చేసుకుపోవాలి. కుర్సురాలో పెరిస్కోప్ దగ్గర మన పిల్లలు ఒకరినొకరు తోసుకుంటూ "ఏం కనిపిస్తోందిరా, చెప్పరా" అని ఒకటే గోల. సరిగ్గా ఆ చోట నిలబడి చెప్పే మనిషి కెప్టెన్. ఆడమనిషి చెప్తే వింటారా అన్న అనుమానం నార్వేలో 1995లోనే తీరిపోయింది.

కొన్ని పెద్ద దేశాలు మాత్రం తాపీగా కదిలాయి. అమెరికా 2010లో ఒప్పుకుంది. బ్రిటన్ వాళ్లయితే లోపలి గాలిలో కార్బన్ డయాక్సైడ్ ఎక్కువ, ఆడవాళ్ల ఆరోగ్యానికి మంచిది కాదని ఏళ్ల తరబడి అడ్డుపెట్టి, తీరా డాక్టర్లు పరీక్షించి ఆ భయానికి ఆధారం లేదని తేల్చాక 2011లో సరేనన్నారు. మన దగ్గర సబ్‌మెరైన్ల తలుపు ఇంకా తెరుచుకోలేదు గానీ, ఐఎన్ఎస్ ట్రింకట్ అనే యుద్ధనౌకకి 2023లో ప్రేరణ దేవస్థలి కమాండింగ్ ఆఫీసర్ అయ్యారు, మన నేవీలో యుద్ధనౌకను నడిపించిన మొదటి మహిళ ఆవిడే. సైన్యానికి, నేవీకి ఆఫీసర్లను తయారుచేసే నేషనల్ డిఫెన్స్ అకాడమీ (ఎన్డీఏ)లోకి 2022 నుంచి ఆడపిల్లల్ని తీసుకుంటున్నారు. అక్కణ్ణుంచి నేవీకి వెళ్లాలంటే ఇంటర్‌లో ఎంపీసీ ఉండాలి, పెళ్లి కాకూడదు. ఈ రెండో షరతు కొన్ని ఇళ్లలో కాస్త గట్టిగా చదివి వినిపించాలనిపిస్తోంది నాకు.

ఇంకో సంగతి, దాచకుండా చెప్పేస్తాను. ఈ ట్రిప్పుకి మగపిల్లల ఫారాలు రెండు రోజుల్లో సంతకాలతో వచ్చేశాయి. ఆడపిల్లల సంతకాల కోసం మాత్రం నేను రాత్రి తొమ్మిదింటి దాకా ఫోన్లు చేయాల్సి వచ్చింది. "ఆడపిల్లకి సబ్‌మెరైన్ ఎందుకు మేడం" అన్నారొకరు. వాళ్లు మంచివాళ్లే, నాకు తెలుసు, ఏదో టెన్షన్‌లో అన్నారు. బస్సులో నా పక్కన కూర్చుంది వాళ్ల పిల్లే.

వచ్చే నెల తొమ్మిదో తరగతి వంతు. ఫారాలు రేపు పిల్లలతో పంపిస్తున్నాను, శుక్రవారంలోగా సంతకం పెట్టి పంపండి. మధ్యాహ్నానికి పులిహోర స్కూలే కట్టిస్తుంది, నీళ్ల బాటిల్ మాత్రం ఇచ్చి పంపండి. ఎత్తుగా ఉన్న పిల్లలకి తల వంచి నడవమని మరీ మరీ చెప్పండి.

ఇట్లు,
మీ హెచ్ఎం