ముందు చిప్ చూడండి, తర్వాతే ప్రోగ్రామర్

సంపాదకులకు నమస్కారం.

తెనాలిలో చాలా ఏళ్లుగా టీవీలు, స్టెబిలైజర్లు, ఇన్వర్టర్లు రిపేరు చేస్తున్నాను. డిప్లొమా, బీటెక్ చివరి ఏడాది పిల్లలకు ప్రాజెక్టుల సమయం వచ్చిందంటే నా షాపు దగ్గర సందడే. కొందరు సాల్డరింగ్ కోసం వస్తారు, కొందరు 7805 రెగ్యులేటర్ కోసం వస్తారు. ఎక్కువమంది మాత్రం ‘అంకుల్, ఈ చిప్‌లో కోడ్ డంప్ చేసిపెడతారా’ అనే వస్తారు. చిప్ అంటే ప్రాజెక్టును నడిపించే మైక్రోకంట్రోలర్, డంప్ అంటే అందులో ప్రోగ్రామ్ ఎక్కించడం. రెడీమేడ్ ప్రాజెక్టులు అమ్మేచోట కోడ్ ఎక్కించడానికి విడిగా డబ్బు తీసుకుంటున్నారు. డిస్‌ప్లే మీద పేరు మార్చాలన్నా మళ్లీ అక్కడికే పోవాలి, మళ్లీ డబ్బు కట్టాలి. తమ ప్రాజెక్టు మీద తమకే పట్టు లేకుండా పోతున్న ఈ పిల్లల కోసం, ఫీజులు కట్టి అలసిన వాళ్ల అమ్మానాన్నల కోసం ఈ ఉత్తరం రాస్తున్నాను.

కోడ్ ఎక్కించే పరికరాన్ని ప్రోగ్రామర్ అంటారు. ఒక్కో చిప్ కుటుంబం ప్రోగ్రామ్‌ను ఒక్కో పద్ధతిలో తీసుకుంటుంది. అందుకే ఏ చిప్ వాడబోతున్నారో తేల్చుకోకుండా ప్రోగ్రామర్ కొనకూడదు. ‘అన్ని చిప్‌లకూ పనికొస్తుంది’ అని చెప్పి వేల రూపాయల యూనివర్సల్ ప్రోగ్రామర్ అంటగడుతుంటారు. టీవీ బోర్డుల్లో మెమరీ ఐసీలు చదివి రాసే నాలాంటివాళ్లకు అది అవసరం. లైను చూసి నడిచే రోబో చేసుకునే కుర్రాడికి ఎందుకు?

పిల్లలు ఎక్కువగా వాడే ఆర్డునో ఊనో బోర్డులో ఉండే ఏటీమెగా328పీ, చిన్నదైన ఏటీటైనీ85 లాంటి ఏవీఆర్ కుటుంబం చిప్‌లకు యూఎస్‌బీఏఎస్‌పీ అనే ప్రోగ్రామర్ చాలు. కొన్ని వందల రూపాయల్లో దొరుకుతుంది. జర్మనీకి చెందిన థామస్ ఫిష్ల్ దీన్ని తయారుచేసి సర్క్యూటునూ సాఫ్ట్‌వేర్‌నూ అందరికీ ఇచ్చేశారు, అందుకే ఇంత చవక. కొనేటప్పుడు పది పిన్నుల కేబుల్‌తో పాటు ఆరు పిన్నుల అడాప్టర్ కూడా అడిగి తీసుకోండి. విండోస్‌లో డ్రైవర్ కోసం జాడిగ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వాడాలి.

ఇక్కడే పిల్లలు బాగా టెన్షన్ పడే విషయం ఒకటుంది. కొత్త 328పీ చిప్ ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పుడు 1 మెగాహెర్ట్జ్ మీదే నడుస్తుంది. ప్రోగ్రామర్ డేటా పంపే క్లాక్ వేగం అందులో నాలుగో వంతు కంటే తక్కువ ఉండాలి. లేకపోతే చిప్ జవాబివ్వదు, పిల్లలేమో డెడ్ అయిందని పారేస్తారు. ప్రోగ్రామర్ మీద స్లో క్లాక్ జంపర్ (రెండు పిన్నులను కలిపే చిన్న తొడుగు) పెట్టి చూడండి, చాలాసార్లు పలుకుతుంది. 3.3 వోల్టుల జంపర్‌ను మాత్రం పూర్తిగా నమ్మొద్దు. చవక బోర్డులు చాలావాటిలో అది సప్లైని మాత్రమే మారుస్తుంది, డేటా లైన్లు 5 వోల్టుల మీదే ఉంటాయి. అదే లైన్ల మీద ఎస్‌డీ కార్డు ఉంటే ముందు తీసేయండి, అది 5 వోల్టులు తట్టుకోదు. ఫ్యూజ్ బిట్లలో, అంటే చిప్ ఎలా పనిచేయాలో చెప్పే సెట్టింగుల్లో, రీసెట్ పిన్నును ఆపేసే బిట్ జోలికి అసలు పోవద్దు. అది మారితే ఈ ప్రోగ్రామర్‌తో ఆ చిప్‌ను మళ్లీ తెరవలేరు, 12 వోల్టుల ప్రోగ్రామర్ కావాలి.

ఇంట్లో ఇప్పటికే ఊనో బోర్డు ఉంటే ఆ కొన్ని వందలు కూడా పెట్టక్కర్లేదు. ఆర్డునోకు కోడ్ రాసే సాఫ్ట్‌వేర్ ఆర్డునో ఐడీఈ ఉదాహరణల్లో ఉన్న ఆర్డునోఐఎస్‌పీ అనే ప్రోగ్రామ్ ఎక్కిస్తే ఆ బోర్డే ప్రోగ్రామర్‌గా పనిచేస్తుంది. ఆ ప్రోగ్రామ్ ఎక్కాక ఊనో బోర్డు రీసెట్‌కూ గ్రౌండ్‌కూ మధ్య 10 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టడం మరవకండి.

8051 అనే పాత మైక్రోకంట్రోలర్ కుటుంబం నేర్చుకునేవాళ్లు ఏటీ89ఎస్52 అడిగి కొనాలి. పేరులోని ‘ఎస్’ ముఖ్యం. దానికి యూఎస్‌బీఏఎస్‌పీతోనే ప్రోగ్‌ఐఎస్‌పీ అనే సాఫ్ట్‌వేర్ వాడి కోడ్ ఎక్కించవచ్చు. పాత స్టాకులో వచ్చే ఏటీ89సీ51ను ఇలా బోర్డు మీద ఉంచి ప్రోగ్రామ్ చేయడం కుదరదు. హైదరాబాద్ కోఠీ గుజరాతీ గల్లీలో కొన్నా, ఆన్‌లైన్‌లో కొన్నా చిప్ మీద అక్షరాలు చదివే డబ్బివ్వండి.

పిక్ కుటుంబం చిప్‌లకు పికిట్, ఎస్‌టీఎం32 చిప్‌లకు ఎస్‌టీ-లింక్ అనే ప్రోగ్రామర్లు కావాలి. పికిట్ పాతదైతే మీ చిప్ దాని జాబితాలో ఉందో లేదో ముందే చూసుకోండి. ఏ చిప్ అనే పట్టింపు లేనివాళ్లకు నేను రాస్‌బెర్రీ పై పికో అనే చిన్న బోర్డు చెబుతున్నాను. 2021లో వచ్చింది. దాని మీదున్న బూట్‌సెల్ బటన్ నొక్కి పట్టుకుని కంప్యూటర్‌కు తగిలిస్తే పెన్‌డ్రైవ్‌లా కనిపిస్తుంది, ప్రోగ్రామ్ ఫైల్ అందులో వేస్తే సరి. ప్రోగ్రామరే అక్కర్లేదు.

మన పాలిటెక్నిక్‌ల, ఇంజినీరింగ్ కాలేజీల యాజమాన్యాలకు మీ పత్రిక ద్వారా ఒక విన్నపం. లైబ్రరీలో పుస్తకాలు ఇచ్చినట్టే ల్యాబ్ నుంచి ప్రోగ్రామర్లను కూడా రిజిస్టర్‌లో సంతకం పెట్టించుకుని వారం రోజులకు ఇంటికివ్వండి. పది యూఎస్‌బీఏఎస్‌పీలకయ్యే ఖర్చు కాలేజీకి పెద్దదేమీ కాదు. ప్రాజెక్టుల సమయానికి కాకుండా మైక్రోకంట్రోలర్ పాఠం మొదలైన వారంలోనే ఇవ్వాలి, అప్పుడైతే తప్పులు చేసి దిద్దుకునే వ్యవధి పిల్లలకు ఉంటుంది.

ఇట్లు,
ఒక ఎలక్ట్రానిక్స్ మెకానిక్,
తెనాలి