అనుభవాలు చెప్పించే పూట: వచ్చే బ్యాచ్ నుంచి మారేవి

పచ్చళ్లలాంటివి చేసే మీ సంఘాలకు మేం నడిపే వర్క్‌షాపుల్లో మధ్యాహ్నం జరిగే ‘అనుభవాలు’ పూటను ఇకపై టాక్ షో పద్ధతిలోనే నడుపుతాం. ఒక్కొక్కరినీ లేపి మైకు చేతికిస్తే ఏమవుతోందో మీరూ చూస్తున్నారు. ‘వేదికనలంకరించిన పెద్దలకు నమస్కారం’ అని మొదలై, సంఘం పేరు, ఊరి పేరు, కృతజ్ఞతలు అయ్యేసరికి ఇచ్చిన మూడు నిమిషాలూ అయిపోతాయి. పదిహేను మంది మాట్లాడినా పచ్చడి ఎందుకు పాడైందో ఎవరికీ తెలియదు. అడిగేవాళ్లుంటేనే ఆ మాట బయటికొస్తుంది.

కొన్ని బ్యాచ్‌లలో టాక్ షో అని చెప్పి ఐదుగురు అతిథులను కూర్చోబెట్టాం. అది మా పొరపాటే. ఈ పూట మొత్తం 50 నిమిషాలు: పరిచయం 3, యాంకర్ ప్రశ్నలు 27, సభలోంచి ప్రశ్నలు 15, చివర 5. ముగ్గురైతే తలా 9 నిమిషాలు వస్తాయి. ఐదుగురైతే ఐదున్నర కూడా రావు, ఒకరినొకరు అడుక్కునే వీలే ఉండదు. కాబట్టి ఇక ముగ్గురే. బాగా సాగుతున్నవారు ఒకరు, మధ్యలో మానేసినవారు ఒకరు, ఈ ఏడే మొదలుపెట్టినవారు ఒకరు. సంఘం అధ్యక్షురాలిని, సభ్యురాలిని ఒకే వరుసలో వేయకండి. సభ్యురాలు ప్రతి జవాబుకీ ముందు ఆవిడ మొహం చూస్తుంది.

ఆవకాయ పెట్టే సంఘాన్నే తీసుకోండి. ‘మీ అనుభవం చెప్పండి’ అన్న ప్రశ్న మా యాంకర్ చీటీలో ఉండదు. ‘జాడీలో బూజు ఎన్నో రోజున కనిపించింది? ఆ రోజు ముక్కలెన్ని, ఉప్పెంత?’ అని ఉంటుంది. నాలుగు గిన్నెల ముక్కలకు ముప్పావు గిన్నె ఉప్పే వేశామని ఒకరు అంటే, ‘మేమూ అంతే వేస్తాం, మాకు రాలేదే; కాయలు తుడిచి ఆరాక కొట్టారా, తడి మీదే కొట్టారా?’ అని పక్కావిడ అందుకుంటుంది. మూడో రోజు తిరగగలిపాక నూనె పైకి తేలిందా లేదా అన్నది మూడో ఆవిడ సందేహం. మాట అక్కడికి వచ్చిందంటే యాంకర్ నోరు మెదపకూడదు. మొత్తం మాటల్లో యాంకర్‌వి పావు వంతు దాటితే ఆ పూట చెడినట్టే.

అతిథులతో రెండు మూడు రోజుల ముందు పది నిమిషాలు ఫోన్లో మాట్లాడతాం. రిహార్సల్ మాత్రం చేయించం. చేయిస్తే అసలు పూటలో ‘ఇందాక చెప్పినట్టు’ అంటూ సగం మింగేస్తారు.

సోఫాలు అడగకండి. కూర్చున్న మనిషి లోపలికి కూరుకుపోతుంది, మైకు ఒళ్లోకి జారుతుంది, గొంతు వినపడదు. చేతులున్న ప్లాస్టిక్ కుర్చీలు నాలుగు, కొద్దిగా ఒకరి వైపు ఒకరు తిరిగేలా వేస్తే చాలు. మధ్యలో బల్ల వద్దు. సభ కుర్చీలు గుర్రపు నాడా ఆకారంలో, మూడు వరుసలకు మించకుండా వేయండి. కాలర్ మైకులు మానేశాం. చీర కొంగు రాపిడి, ఫ్యాను గాలి మాటకంటే గట్టిగా వినిపిస్తున్నాయి. చేతి మైకులే, నోటికి నాలుగు వేళ్ల దూరంలో. స్పీకర్లు అతిథుల వెనక పెడితే కుయ్యిమంటాయి కాబట్టి వాళ్లకంటే ముందు, సభ వైపు తిప్పి పెట్టాలి. రేకుల షెడ్డు, మార్బుల్ హాలు అయితే మాట మార్మోగుతుంది, కింద జంపఖానాలు పరిపించండి.

సభలో తిరిగే మైకును మా మనిషి ఎవరి చేతికీ ఇవ్వడు, తానే పట్టుకుంటాడు. చాలామందికి ఇది అమర్యాదగా తోస్తోందని తెలుసు. 1967లో అమెరికాలోని డేటన్ నగరంలో టీవీ టాక్ షో మొదలుపెట్టిన ఫిల్ డొనహ్యూ కూడా మైకు తానే పట్టుకుని ప్రేక్షకుల మధ్యకు వెళ్లి ప్రశ్నలడిగించినవాడే. మైకు చేయి మారితే ప్రశ్న ఉపన్యాసమవుతుంది, వెనక్కి తీసుకోవడం ఎవరి తరమూ కాదు.

వీడియో రికార్డింగ్ ఇక ఇవ్వం. ఫోన్లు లేస్తే నష్టం లెక్కలు దాచేస్తారు. దాని బదులు చార్టు మీద రాసిన ‘ఏం జరిగింది, ఎందుకు’ అన్న రెండు గళ్ల పట్టికను రెండు రోజుల్లో పంపుతాం. శాలువాలు, ముఖ్య అతిథి మాటలు పూట అయ్యాకే.

పన్నెండు మంది లోపు ఉంటే ఈ పద్ధతి దండగ, గుండ్రంగా కూర్చుంటే సరిపోతుంది. చేతిపని నేర్పడానికీ పనికిరాదు.

మా రేటు మారదు. అతిథుల బస్సు చార్జీ, పోయిన రోజు కూలి మీరు భరించాలి. పేర్లు పది రోజుల ముందే పంపండి. పచ్చళ్ల సంఘాలకు ఏప్రిల్ నుంచి జూన్ దాకా తేదీలు ఇవ్వడం లేదు, ఆ రోజుల్లో మీ చేతులే ఖాళీగా ఉండవు.