తనిఖీలో పలక చూడొద్దు, కథ చెప్పించండి: ప్రకాశం జిల్లా కలెక్టర్‌కు బహిరంగ లేఖ

కలెక్టర్ గారికి నమస్కారం.

అంగన్‌వాడీ తనిఖీకి వెళ్ళిన అధికారి సాధారణంగా మొదట అడిగేది "అ ఆలు ఎంతమందికి వచ్చు?" అనే. తల్లిదండ్రుల ప్రశ్న కూడా అదే. పక్క వీధి కాన్వెంటులో ఏబీసీడీలు రాయిస్తుంటే కార్యకర్త మాత్రం ఏం చేస్తుంది? మూడేళ్ళ పిల్లకి పలకిచ్చి దిద్దిస్తుంది. మీరు మార్చాల్సింది ఆ ప్రశ్ననే.

యాభై ఆరు అక్షరాలూ రాగం తీసి అప్పజెప్పే పిల్లవాడికి 'ల' ఒక్కటే రాసి చూపించండి. పెదాలు కదుపుతూ "య, ర, ల" అని వరసలో వచ్చి గానీ చెప్పలేడు. "కకు గుడి ఇస్తే కి" అని పాడినవాడే 'కిటికీ' దగ్గర ఆగిపోతాడు. పైగా ఆ వయసుకి మణికట్టు ఎముకలు ఇంకా గట్టిపడవు. బలపాన్ని పిడికిట్లో బిగించి రాయడం అలవాటైతే తర్వాత మాన్పించడం కష్టం. పలకలకు పేరుపడ్డ మార్కాపురం పక్కనుండి పలక వద్దంటారా అని నవ్వకండి. బొమ్మలు గీసుకోవడానికి దాన్ని మించింది లేదు. వేళ్ళకి బలం మాత్రం మట్టి పిసికితే, కాగితాలు చింపి అతికిస్తే, నాలుగేళ్ళు దాటాక ముగ్గు గీత మీద చింతగింజలు పేరిస్తే వస్తుంది. చిన్నవాళ్ళకి గింజలివ్వొద్దు, ముక్కులో పెట్టుకుంటారు.

అసలు పని మాటతో. ఒక బొమ్మల కథ వారమంతా నడవాలి. సోమవారం ఆపకుండా చదవాలి. మర్నాడు మధ్యలో ఆపి "తర్వాత ఏమైంది?" అనాలి. బుధ, గురువారాల్లో "ఎందుకలా చేసింది?", "నువ్వైతే ఏం చేస్తావు?" అని అడగాలి. శుక్రవారానికి పుస్తకం పిల్లల చేతికి పోవాలి, కథ వాళ్ళు చెప్పాలి. పావుగంట చాలు. పాతికమందిని ఒకేసారి కూర్చోబెడితే వెనక వరసకి బొమ్మ కనిపించదు, గోల మొదలవుతుంది. ఎనిమిది, పదిమంది మించకూడదు. మిగతావాళ్ళని ఆయా ఆడించాలి కాబట్టి వంట మొదలవకముందే ఇది అయిపోవాలి.

పడమటి మండలాల పిల్లవాడు "అమ్మ ఇంట్లో ఉండాది" అన్నప్పుడు "ఉంది అనాలి" అని దిద్దితే మర్నాడు నోరు విప్పడు. "ఇంట్లో ఉందా, ఏం చేస్తోంది?" అంటే సరిపోతుంది. ఎరుకల ఇళ్ళ పిల్లలూ, చీమకుర్తి గ్రానైట్ పనులకొచ్చిన ఒడియా కుటుంబాల పిల్లలూ తమ భాషలో జవాబు చెప్పినా ఒప్పుకొని, అదే మాట తెలుగులో అందించాలి.

నాలుగున్నరేళ్ళకి శబ్దాల ఆటలు. 'మేక'కి రెండు చప్పట్లు, 'గొడుగు'కి మూడు. పలక, పడవ, పనస: మొదట ఏం వినిపించింది? 'పలక'లో 'ప' తీసేస్తే ఏం మిగిలింది? ఇది చెప్పగలిగిన పిల్లకి ఐదో ఏట అక్షరం చూపిస్తే సులువుగా పట్టుకుంటుంది. అప్పుడైనా అఆఇఈల వరస అక్కర్లేదు. ప, ల, క, వ, డ, త, గ ఏడు వస్తే చాలు, పలక, వల, తల, పడవ, పడక, తలగడ చదివేస్తుంది. ఆ తర్వాత దీర్ఘం, గుడి, కొమ్ము ఒక్కొక్కటిగా. ప, వ ఒకే రోజు చెబితే కలగాపులగం అవుతాయి; మధ్యలో వారమైనా ఎడం ఉండాలి. ఙ, ఞ లతో పిల్లలకి తెలిసిన మాట ఒక్కటీ మొదలవదు, వాటికి తొందరేం లేదు.

మూడు నుంచి ఆరేళ్ళ పిల్లల కోసం కేంద్ర ప్రభుత్వం 2024లో తెచ్చిన ఆధారశిల పాఠ్యప్రణాళిక కూడా ఆటపాటలకే పెద్దపీట వేసింది. అది అంగన్‌వాడీ కేంద్రాల్లో అమలు కావాలంటే సూపర్‌వైజర్ల తనిఖీ పత్రంలో పలక, కాపీబుక్కు గడులు తీసేయించండి. వాటి బదులు: ఈ వారం కథ ఏది, ఇద్దరు పిల్లలు దాన్ని సొంత మాటల్లో చెప్పారా? సెక్టారు (ఒక సూపర్‌వైజర్ కిందుండే అంగన్‌వాడీలు) సమావేశంలో రిజిస్టర్ల పని కాస్త తగ్గించి, ఒక కార్యకర్త చేత అందరి ముందూ కథ చదివించండి. సెక్టారుకి ఇరవై పెద్ద బొమ్మల పుస్తకాలు కొని నెలకోసారి కేంద్రాల మధ్య మార్పించండి.

ఇంకొకటి. రెండేళ్ళు నిండినా "అమ్మా పాలు" లాంటి రెండు మాటలు కలపని పిల్లల్ని, చెవి కారే పిల్లల్ని "వాళ్ళ నాన్న కూడా ఆలస్యంగానే మాట్లాడాడులే" అని వదిలేస్తున్నారు. పిల్లల ఆరోగ్యం పరీక్షించే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందం ఏడాదికి రెండుసార్లు అంగన్‌వాడీలకు రావాలి. అలాంటి పిల్లల పేర్లు కార్యకర్త ముందే రాసి ఉంచాలని, వినికిడి పరీక్ష అయ్యేదాకా ఆ పేర్లు కొట్టెయ్యకూడదని ఉత్తర్వివ్వండి.

ఇట్లు,
జిల్లాలో పూర్వ ప్రాథమిక విద్యలో పనిచేస్తున్నవాళ్ళం