మంచినీళ్ల చెరువుకే మొదటి వంతు ఇవ్వండి
గ్రామీణ నీటి సరఫరా శాఖ మంత్రి గారికి ఒక శివారు రైతు బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారం. కోనసీమలోని రాజోలు దీవిలో, సముద్రం వైపు చిట్టచివర ఉన్న ఊళ్ల నుంచి ఒక వరి రైతు రాస్తున్న లేఖ ఇది. 2019 ఆగస్టు 15న కేంద్రం ప్రకటించిన జల్ జీవన్ మిషన్ పథకం మనిషికి రోజుకు 55 లీటర్ల మంచినీరు ఇంటికే ఇస్తామంది. 2024 గడువు దాటిపోయి ఇప్పుడది 2028కి మారింది. కుళాయిలు మాత్రం చాలా ఇళ్ల ముందు వచ్చాయి, సంతోషం. అందుకే కుళాయిలు వేయమని అడగడం లేదు. వాటిలోకి వచ్చే నీళ్లు ఎప్పుడు పట్టినవి, ఎలా వడకట్టినవి అన్నదే మా బాధ.

మాకు బోర్లు పనికిరావు. బోరు దింపితే ఉప్పు నీళ్లే. తీరం వెంట ఇసుక మెరకల కింద మాత్రం వాన నీరు ఉప్పునీటి మీద తేలి ఉండేది, నుయ్యి తవ్వితే తియ్యగా తగిలేది. చేత్తో తోడుకున్నంత కాలం ఆ పొర నిలిచింది. మోటార్లు పెట్టి లాగడం మొదలయ్యాక కింది ఉప్పు పైకొచ్చింది. శంకరగుప్తం డ్రెయిన్ వెంట సముద్రం ఎగదన్ని కొబ్బరిచెట్లు మోడులైపోవడం మీరు వినే ఉంటారు. చెట్టునే చంపిన నీరు మనుషుల బావులను వదులుతుందా?

కాబట్టి మాకు దిక్కు కాలువే. ధవళేశ్వరం దగ్గర బయలుదేరిన గోదావరి నీరు పి.గన్నవరం అక్విడెక్టు (కాలువను నది దాటించే వంతెన) మీదుగా గోదావరి పాయ వైనతేయను దాటి దీవిలోకి వస్తుంది. మా దాకా వచ్చేసరికి అందులో ఎగువ ఊళ్ల మురుగు, చేలల్లో కొట్టిన మందు, కొన్నిచోట్ల చేపల చెరువుల నుంచి వదిలిన నీరు అన్నీ కలిసి ఉంటాయి. గుర్రపుడెక్క అడ్డుపడి నీరు కదలని చోట ఆ రంగు చూస్తే పశువులను దింపడానికి కూడా మనసొప్పదు. ఆ నీటినే మంచినీళ్ల చెరువులోకి పెట్టి, ఫిల్టరు బెడ్లలో వడకట్టి, బ్లీచింగ్ కలిపి ఇళ్లకు వదులుతారు.

ఏప్రిల్‌లో కాలువలు కట్టేసి, మరమ్మతులు చేసి, జూన్‌లో మళ్లీ వదులుతారు. ఆ మధ్య రోజుల్లో చెరువులో ఎంత ఉంటే అదే మా ప్రాణం. లెక్క పెద్ద కష్టమైనది కాదు. 5,000 మంది ఉన్న ఊరికి 55 లీటర్ల చొప్పున 60 రోజులకు 1 కోటి 65 లక్షల లీటర్లు కావాలి. 3 మీటర్ల లోతు నీరు నిలిస్తే ఎకరంన్నర లోపు చెరువు చాలు. ఎండకు ఆవిరయ్యేది, అడుగున తోడలేనిది కలుపుకున్నా రెండెకరాలు. అంతటి చెరువులు చాలా ఊళ్లలో ఉన్నాయి. కానీ పూడిక తీయక లోతు పోయింది, గట్లు జారాయి. ఇంకో విషయం ఇంజినీర్లను అడిగి చూడండి: మా నేలలో చెరువు నీటిమట్టం బాగా తగ్గితే చుట్టుపక్కల ఉప్పు ఊట లోపలికి దిగుతుంది. సగం నింపిన చెరువు మే నెలకు తరిగిపోవడమే కాదు, ఉప్పెక్కి, నాచుతో పచ్చబడుతుంది.

చెరువు నిండకపోవడానికి అసలు కారణం తేదీ. దాళ్వా (రెండో పంట వరి) చివరి తడి, మంచినీళ్ల చెరువు నింపడం రెండూ ఒకేసారి మీద పడతాయి. గోదావరిలో సహజ ప్రవాహం తగ్గిన ఏడు సీలేరు కరెంటు కేంద్రాల నుంచి వదిలే నీళ్ల మీద ఆధారపడి, వంతులవారీగా కాలువలు నడుపుతారు. అప్పుడు ఎగువ రైతు తన తూము దించి మూయనివ్వడు, లస్కరు (కాలువ కాపలా మనిషి) ఏం చెయ్యలేడు. శివారుకు వచ్చేది ఆఖరి రోజుల్లో, అడుగంటిన కాలువలోని బురద నీరు. దాన్నే మోటార్లతో తోడి చెరువు నిండిందని కాగితం మీద రాస్తారు.

నేనూ దాళ్వా వేసేవాణ్ణే. పొట్ట మీదున్న చేను ఎండుతుంటే ఎలా ఉంటుందో నాకు తెలుసు. అయినా చెబుతున్నాను, మొదటి వంతు చెరువుకే ఇవ్వండి. మార్చిలో, కాలువ ఇంకా నిండుగా పారుతున్నప్పుడే నింపించండి. 1987 నుంచి జాతీయ జల విధానం తాగునీటికి మొదటి స్థానం ఇస్తూనే ఉంది. జిల్లా నీటిపారుదల సలహా మండలి సమావేశంలో కాలువలు కట్టేసే తేదీ రాసే కాగితం మీదే, అంతకు ముందు వరసలో, చెరువులు నింపే తేదీ కూడా రాయించాలి. కాలువ ఒక శాఖది, చెరువు ఇంకో శాఖది. ఆ రెండింటినీ ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టగలిగింది మీరే. అలాగే జూన్‌లో లాకులు ఎత్తగానే వచ్చే మొదటి నీటిని చెరువులోకి పెట్టవద్దని కచ్చితంగా చెప్పాలి. రెండు నెలల చెత్తంతా ఆ నీటిలోనే కొట్టుకొస్తుంది.

ఇక వడకట్టడం. కాలువ నీటిలో ఉప్పు సమస్య తక్కువ, బురద, క్రిములే ఎక్కువ. వాటికి ఇసుక ఫిల్టరు, ఆపైన బ్లీచింగ్ చాలు, ఫిల్టరు సరిగ్గా నడిస్తే. ఇసుక మీద ఏర్పడే జీవపు పొరే క్రిములను పడుతుంది, నీరు గంటకు 10 నుంచి 20 సెంటీమీటర్ల చొప్పున మెల్లగా దిగాలి. తొందరపెడితే వడకట్టినట్టే కాదు. పై పొర గీసి, ఇసుక కడిగి మళ్లీ పరచడానికి మనుషులు కావాలి, వాళ్లకు నెలనెలా జీతం అందాలి. ఇవి వదిలేసి ఆర్‌ఓ ప్లాంట్లు పెంచుకుంటూ పోవడం నాకు సరైన దారిగా కనిపించడం లేదు. రోజుకో టిన్ను 20 రూపాయలకు కొంటే నెలకు 600. కూలికి వెళ్లే ఇంటికి అది చిన్న మొత్తం కాదు. పైగా ఆ యంత్రం వదిలే ఉప్పు నీరు మళ్లీ మా బోదెల్లోకే (పిల్ల కాలువల్లోకే) వస్తుంది.

రొయ్యల చెరువుల మాట. సాగుభూములను వాటికి మార్చకూడదని సుప్రీంకోర్టు 1996 డిసెంబరు 11నే చెప్పింది. చెరువులు తవ్వినవాళ్లూ మా వాళ్లే, వాళ్ల అప్పులు, టెన్షన్లు మాకు తెలియనివి కావు. వాళ్ల నీరు తాగునీటి కాలువలోకి రాకుండా ఆపమనే అడుగుతున్నాం.

పరీక్షలు చేయడానికి కిట్లు ఇచ్చి, ఊరికి ఐదుగురు మహిళలకు నేర్పించాలని జల్ జీవన్ మిషన్‌లోనే ఉంది. ఆ ఫలితాలు ఊరి సచివాలయం బోర్డు మీద వారంవారం రాయించండి. ముఖ్యంగా ట్యాంకు దగ్గరి కుళాయిలో కాదు, ఊరి చివరి కుళాయిలో క్లోరిన్ లీటరుకు 0.2 మిల్లీగ్రాములైనా మిగిలిందా లేదా అన్నది.

వచ్చే సలహా మండలి సమావేశానికి శివారు ఊళ్ల నుంచి ఇద్దరు ఆడవాళ్లను పిలిపించండి. ఏ రోజు నుంచి నీళ్లు ఉప్పెక్కాయో వాళ్లు చెబుతారు. పూడిక తీతకు ట్రాక్టర్లు మేము పెడతాం, గట్టు మీద తుప్పలు మేమే కొడతాం. చెరువు నింపే తేదీ మాత్రం ఫిబ్రవరిలోపు మాకు తెలియాలి.

ఇట్లు,
రాజోలు దీవి శివారు రైతు